హిల్స్‌బరో చెక్క చర్చి పక్కన జో మీక్, వర్జీనియా

అందరికీ నమస్కారం. ఒరెగాన్‌లో హిల్స్‌బరో అనగానే మనవాళ్లకి ఇంటెల్ గుర్తొస్తుంది. అక్కడ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఊరికి ఉత్తరాన, స్కాచ్ చర్చి రోడ్డులో ఈ తెల్లటి చెక్క చర్చి ఉంది. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన రైతులు 1873లో సంఘం పెట్టుకుని, 1878కల్లా దీన్ని కట్టేశారు.

కిటికీల పైభాగం చూడండి. యూరప్‌లో రాతితో మలిచే ఆ కోసు వంపుని ఇక్కడ వడ్రంగులు చెక్కతోనే తెచ్చారు. ఈ ప్రాంతంలో చెక్కకి కొదవ లేదు మరి.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం పక్కనున్న సమాధుల తోట. జో మీక్ సమాధి ఇక్కడే ఉంది. కొండల్లో బొచ్చు కోసం బీవర్లనే జంతువుల్ని వేటాడి బతికిన మనిషి. 1847లో వాలా వాలా దగ్గర విట్‌మన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచారకుల కేంద్రంలో ఆయన కూతురు హెలెన్ ఉండేది. తట్టు సోకి అక్కడి స్థానిక కాయూస్ తెగవాళ్లు ఎందరో చనిపోయారు. దానికి మిషన్ వాళ్లే కారణమన్న కోపంతో కాయూస్‌లో కొందరు అక్కడ దాడి చేశారు. హెలెన్ కూడా అక్కడే, బందీగా ఉండగా, తట్టుతోనే చనిపోయింది. ఆ దుఃఖంలోనే మీక్ చలికాలంలో బయల్దేరి, దేశం ఆ చివరకి వెళ్లి అప్పటి అమెరికా ప్రెసిడెంట్ పోక్‌కి ఆ దాడి కబురు చెప్పాడు. 1848 ఆగస్టులో ఒరెగాన్ టెరిటరీ (రాష్ట్రం కాకముందు కేంద్రం కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది, మీక్ దానికి మార్షల్, అంటే చట్టాన్ని అమలు చేసే అధికారి అయ్యాడు. ఆ దాడి కేసులో 1850లో ఐదుగురు కాయూస్ మనుషుల్ని ఉరి తీయించింది కూడా ఆయనే. ఈ సమాధి దగ్గర అది కూడా చెప్పుకోవాలి.

ఆయన భార్య వర్జీనియా నెజ్ పెర్స్ తెగ ఆడపడుచు. 1840లో భర్తతో పాటు ఈ ప్రాంతానికి వచ్చింది. ఆయన 1875లో పోయాక పాతికేళ్లు బతికింది. ఆమె సమాధి కూడా ఇక్కడే. చాలామంది జో పేరు చదివి వెళ్లిపోతారు. దయచేసి ఆమె దగ్గర కూడా ఆగండి.

ఈ మైదానం అసలు అట్ఫలాటి అనే స్థానిక తెగ జనానిది. 1830లలో మలేరియా వాళ్లని తుడిచిపెట్టినంత పని చేసింది. మిగిలినవాళ్లని తర్వాత గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కి, అంటే స్థానిక తెగలకి ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి పంపేశారు. స్కాట్లండ్ రైతులకి ఇంత ఖాళీ నేల ఎలా దొరికిందంటే ఇలా.

చర్చిలో ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది, ఆ టైమ్‌లో వీడియోలు తీయకండి. పాత రాళ్ల మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి.