టేపు పక్కన పెట్టండి, కట్టెను వంచండి

అందరికీ నమస్తే. వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండల ములుగు నుంచి, జనగామ నుంచి, అటు కరీంనగర్ నుంచి హనుమకొండ దాకా వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు పేరు పేరున దండం పెడితే పొద్దు ఇక్కడనే పోతది. అందరికీ కలిపి ఒక్కటే దండం. నాకు ఇచ్చిన అంశం ఫిషింగ్ రాడు మీద గైడ్ల అమరిక. గైడ్లంటే రాడు పొడుగునా లైను, అదే గాలపు దారం, దూరిపోయే వలయాలు.

మనోళ్లు బ్లాంకుకు, అంటే ఇంకా ఏమీ కట్టని ఉత్త కట్టెకు, వేల రూపాయలు పెడతరు, లైను చుట్టే రీలుకు ఇంకిన్ని వేలు పెడతరు. గైడ్ల దగ్గరికి వచ్చేసరికి కంపెనీ రాడొకటి పక్కన పండుకోబెట్టి, టేపుతోని కొలిచి, అవే దూరాలు దించుతరు. లేకుంటే ఫోన్ల దొరికిన పట్టిక. ఆ పట్టిక ఏ బ్లాంకుకు రాసిందో ఎవరికెరుక? 7 అడుగుల బ్లాంకులు రెండు తీసుకోండి. ఒకటి కొన దగ్గరనే వంగి ఆగుతది, ఇంకోటి పిడి దాకా వంగుతది. పొడుగు ఒకటే అయినంత మాత్రాన గైడ్లు ఒక్క చోటనే ఎట్ల కూచుంటయి?

పట్టిక వద్దని అంటలేను. మొదలుపెట్టడానికి పనికొస్తది. అడుగుకు ఒక గైడు, ఆ మీద ఇంకొకటి, కొనకు తొడిగే వలయం, అదే టిప్, వేరే. 7 అడుగులకు 8 గైడ్లు, ఒక టిప్. ఈ లెక్క పాతదే, మంచిదే. గైడు ఏ చోట కట్టాలన్నది మాత్రం వంగిన బ్లాంకే చెప్తది.

ముందుగాల టిప్ పెట్టాలె. దాని గొట్టం సైజు అంగుళంల 64వ వంతుల లెక్కన ఉంటది, బ్లాంకు కొనకు వదులు లేకుండ పట్టేది తీసుకోవాలె. అతికించడానికి వేడికి కరిగే గ్లూ స్టిక్ చాలు. రేపు టిప్ పగిలితే కొంచెం వేడి చేసి ఊడదీసుకోవచ్చు. మంట బ్లాంకుకు తాకొద్దు, గొట్టానికే తాకాలె.

రీలు కట్టె కింద వేలాడే స్పిన్నింగ్ రాడు సంగతి చెప్త. రీలు బిగించి, లైను చుట్టుకునే స్పూల్ నడిమి నుంచి ఒక దారం నిటారుగ ముందుకు గుంజండి. రీలు ఇరుసు కొంచెం పైకి చూస్తది కాబట్టి ఆ దారం పోయి పోయి బ్లాంకును ఒక చోట తాకుతది. లైను చుట్లను కుదించే చోక్ గైడు జాగ అదే. స్పూల్ వ్యాసాన్ని 27తో గుణించే లెక్క ఒకటుంది, అదీ అటు ఇటుగ అక్కడికే తెస్తది. 2500 సైజు రీలుకు స్పూల్ 45 మిల్లీమీటర్లు అనుకుంటే, 121 సెంటీమీటర్లు. స్పూల్ ముందు అంచు పిడి చివర నుంచి 35 సెంటీమీటర్ల మీద ఉందనుకోండి. చోక్ 156 దగ్గర పడుతది, 7 అడుగుల బ్లాంకు కొనకు ఇంకా 57 మిగులుతది.

స్పూల్‌కు, చోక్‌కు నడుమ మూడు గైడ్లు: 25, 16, 8 సైజులు. బతుకమ్మ పేర్చినట్టు, కింద పెద్ద వలయం, పోయినకొద్దీ చిన్నది. 25 సైజుది స్పూల్‌కు 48 సెంటీమీటర్ల ముందు పెట్టి మొదలుపెట్టండి. మిగతా రెండు పిడి చివర నుంచి 112 దగ్గర, 136 దగ్గర. చోక్ నుంచి కొన దాకా 6 సైజు చిన్నవి. కొన నుంచి వెనకకు దూరాలు 10, 11, 11.5, 12, 12.5. కలిపితే 57. కొనకు దగ్గర దగ్గర, పిడి దిక్కు వచ్చినకొద్దీ దూరం దూరం.

రాసుకుంటున్న తమ్మీ, పెన్ను ఆపు. అవి ఒక బ్లాంకు అంకెలు, నీ బ్లాంకువి కావు. ఇప్పుడు చెప్పేది రాసుకో.

గైడ్లను దారంతోని అప్పుడే కట్టొద్దు. సన్నటి రబ్బరు గొట్టాన్ని ముక్కలు కోసి, ఆ రింగులతోని గైడ్ల కాళ్లను బ్లాంకుకు పట్టించండి. జరపనీకి వీలుండాలె. గైడ్లన్నిట్ల నుంచి లైను తోలి, చివరను గోడకు కొట్టిన కొక్కానికి కట్టండి. పిడికి, లైనుకు నడుమ 90 డిగ్రీలు వచ్చేదాకా మెల్లగ లేపండి, ఆపైన లేపొద్దు. ఒకరు పట్టుకోవాలె, ఇంకొకరు పక్క నుంచి చూడాలె. లైను ప్రతి గైడు దగ్గర కొంచెం కొంచెం తిరుగుతూ బ్లాంకు వంపును అంటిపెట్టుకుని పోవాలె. ఒక్క గైడు దగ్గరనే చటుక్కున మడత పడితే, బరువంతా అక్కడ పడుతున్నదన్నట్టు. పక్క గైడును అటు జరపండి. జరిపినా పోకుంటే ఇంకో గైడు పడాలె.

రీలు కట్టె పైన కూచునే బెయిట్‌కాస్టర్ రాడుకు గైడ్లు కూడ పైన ఉంటయి కాబట్టి తప్పు కండ్లకు కనబడుతది. రెండు గైడ్ల నడుమ లైను దిగి బ్లాంకును రాసుకుంటది. స్పిన్నింగ్‌ల గైడ్లు కిందికి ఉంటయి, లైను బ్లాంకును ఎన్నడూ తాకదు, అందుకే అంతా మంచిగనే ఉన్నట్టు అనిపిస్తది. అక్కడ చూడవలసింది లైనుకు, బ్లాంకుకు నడుమ సందు. ఏ రెండు గైడ్ల నడుమ సందు మిగతా వాటికన్న ఎక్కువ కనబడితే అక్కడ దూరం ఎక్కువైంది.

ఇది అయినంక, రబ్బరు రింగులు విప్పకుండనే మైదానంల విసిరి చూడండి. గాలం వద్దు, ఉత్త బరువు చాలు. మొదటి గైడు రీలుకు మరీ దగ్గరుంటే చుట్లు దాని నోట్ల కుప్పవడి విసురు దూరం పోదు. మరీ దూరముంటే లైను బ్లాంకు మీద టపటపా కొడుతది. రెండు మూడు సెంటీమీటర్లు జరిపితే చప్పుడు మారుతది. చెవి పెట్టి వినండి.

ఇగ స్పైన్ ముచ్చట. బ్లాంకు ఒక దిక్కున కొంచెం గట్టిగ ఉంటది, దాన్నే స్పైన్ అంటరు. స్పైన్ చూసి కడితే రాడు మెలిక పడదని చానామంది నమ్ముతరు. మెలిక తిప్పేది స్పైన్ కాదు, పైన కూచున్న గైడ్లు. బరువు పడంగనే అవి కిందికి రావాలని చూస్తయి. అది ఇబ్బంది అనిపిస్తే రీలు ముందు నుంచి నాలుగు గైడ్లల్ల మెల్లగ పక్కకు తిప్పుకుంటూ కిందికి తెచ్చే స్పైరల్ పద్ధతి ఉన్నది. కొర్రమీను వేటల గుర్రపు డెక్క నుంచి చేపను ఊడబీకాల్సి వస్తది, బ్రెయిడ్, అంటే అల్లిన లైను, కూడ మందంది వేస్తం, అటువంటి రాడుకు నేనైతే స్పైరలే అంట.

అసలు నాకు మండేది ఇంకోటుంది. అధ్యక్షులు గడియారం చూస్తున్నరు, అయినా చెప్త. గైడు కాళ్లు అరగదీయకుండ కడుతున్నరు! ప్యాకెట్ల నుంచి తీసిన గైడును బోర్లించి, కాలు కొనను గోటితోని గీకి చూడండి. గరుకు తగుల్తది, అంచు మందంగ మెట్టులెక్క ఉంటది. దాన్ని అట్లనే కడితే దారం ఆ మెట్టు ఎక్కేకాడ సందు పడుతది, దారం మీద పూసే ఎపాక్సీ జిగురుల గాలి బుడగ దాగేది అక్కడనే. రాడు వంగినప్పుడల్లా ఆ అంచు బ్లాంకులకు దిగుతది. కొన్నాళ్లకు పెద్ద చేప పడంగనే టప్‌మని విరుగుతది, బ్లాంకు నాసిదని దుకాణపాయనను తిడతరు. విరిగిన చోటు చూడండయ్యా! సరిగ్గ కాలు కొన కింద విరిగిందంటే తప్పు బ్లాంకుది కాదు. సన్న ఆకురాయితోని పైభాగం వాలుగ, కొన పల్చగ వచ్చేదాకా రాయాలె. అడుగున గరుకు తీయాలె, కత్తి పదును మాత్రం రావొద్దు. గైడుకు రెండు నిమిషాల పని.

కట్టేటప్పుడు దారం బ్లాంకు మీద మొదలై కాలు మీదికి ఎక్కాలె. తేలికపాటి రాడుకు ఎ సైజు దారం, బరువుదానికి డి. ఆఖరు ఏడెనిమిది చుట్ల కింద ఒక దారపు ఉచ్చు పెట్టి, కొసను అందులకెళ్లి లాగి కోయాలె. ఎపాక్సీ పోయకముందే కొన నుంచి ఒక కన్ను మూసి అన్ని వలయాలు ఒకే వరుసల ఉన్నయా చూడండి. దారం మీద ఇంకా కొంచెం జరుగుతయి, ఎపాక్సీ గట్టిపడితే జరగవు.

ఎపాక్సీ రెండు పాళ్లు సమానం. సిరంజిలతోనే కొలవండి, దేని సిరంజి దానిదే. బుడగలు రాకుండ మెల్లగ కలిపి, రేకు కాగితం మీద పల్చగ పరవండి. గిన్నెల కుప్పగ ఉంటే తన వేడికి తనే గట్టిపడుతది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఆ పని పెట్టుకోవద్దు, బ్రష్షు సగం గైడ్ల దగ్గరనే జిగటైతది. తెల్లారగట్ల చేయండి. వానాకాలం ముసురుల చేస్తే పైన తెల్లటి జిడ్డు పొర వస్తది. రాడును తిప్పే మోటారు లేకుంటే, కిందికి జారుడు ఆగేదాకా కొన్ని నిమిషాలకోసారి రాడును చేతితోని సగం తిప్పుతుండాలె.

ఒక మాట మరిచిపోయిన. పాకాలైనా, ఊరి చెరువైనా, మత్స్య సహకార సంఘాన్ని అడిగే లైను వేయండి.

బల్ల మీద నాలుగు బ్లాంకులు, గైడ్లు, రబ్బరు ముక్కలు ఉన్నయి. గోడకు కొక్కాలు కొట్టించిన. ఇద్దరిద్దరు రాండి, టేపు మాత్రం నా దగ్గరనే ఉంటది. వెనక వరుస తమ్ముళ్లూ, ముందుగాల మీరే.