ధ్రువాల దగ్గర పెరుగెక్కడిది?

ప్రేక్షకులకు నమస్కారం. చెన్నైలో అగ్ని నక్షత్రం నడుస్తున్న ఈ రోజుల్లో, ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడకూడదని దాన్ని ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ మంచు గురించి మాట్లాడడం కొంత విడ్డూరంగానే ఉంటుంది. అయినా ఈ విషయం ఇప్పుడే ఎత్తుకోవడానికి మా పిన్ని కారణం. పెరంబూరులో ఉండే పిన్నికి కిందటి వారం అంటార్కిటికా యాత్రికుడు షాకల్టన్ ఓడ మంచులో ఇరుక్కుని ఒరిగిపోయిన ఫొటో చూపించి, అందులోని 28 మంది ఏ దిక్కూ లేని చోట ఎలా చిక్కుకుపోయారో వర్ణిస్తున్నాను. ఆమె అంతా విని, "పాపం, వాళ్ళకి పెరుగెక్కడిదిరా?" అంది. నేను నవ్వేశాను. ఆ రాత్రి ఆలోచిస్తే నవ్వవలసిన ప్రశ్న కాదనిపించింది. వందేళ్ళ కిందటి ధ్రువ యాత్రికుల డైరీలు తెరిస్తే, అక్షాంశాల లెక్కలకూ గాలివానల వర్ణనలకూ మధ్య పేజీల కొద్దీ కనిపించేది ఇంటి తిండి, ఇంటి స్నానం, ఇంటి పక్క మీద ధ్యాసే.

అయితే ఈ ధ్యాసంతా ఒకే రకమైనది కాదని నాకు అనిపిస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఇల్లు ఒకలాగ గుర్తుకు వస్తుంది, కడుపు నిండి ఉన్నప్పుడు మరొకలాగ గుర్తుకు వస్తుంది. మొదటిది ఆకలి, రెండవది బెంగ. ఈ రెండింటినీ కలిపి చదవడం వల్లనే ధ్రువ యాత్రికులందరూ తిండి కలలు కన్నవారిగా మన మనసులో మిగిలిపోయారు.

ముందు ఆకలి సంగతి చూద్దాం. 1902 క్రిస్మస్ నాటికి ఆంగ్లేయ యాత్రికుడు స్కాట్, అతని సహచరులు విల్సన్, షాకల్టన్ అంటార్కిటికాలో దక్షిణంగా నడుస్తూ చాలా దూరం వెళ్ళారు, తిండి మాత్రం నానాటికీ తగ్గించుకుంటూ వస్తున్నారు. ఆ రోజు షాకల్టన్ తన విడి మేజోడులో దాచి మోసుకొచ్చిన చిన్న ప్లమ్ పుడ్డింగును బయటికి తీశాడు. మేజోడులో దాచిన మిఠాయిని మన ఇళ్ళలో ఎవరైనా ముట్టుకుంటారా అంటే, ఆకలి తెలిసినవాడు ముట్టుకుంటాడనే చెప్పాలి.

ఆరేళ్ళ తరువాత అదే షాకల్టన్ ముగ్గురిని వెంటబెట్టుకుని ధ్రువం వైపు బయలుదేరి, 1909 జనవరి 9న 88 డిగ్రీల 23 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా వెళ్ళి, ఇంకా సుమారు 180 కిలోమీటర్లు మిగిలి ఉండగా వెనక్కి తిరిగాడు. ఆ నడకలో ఆ నలుగురికీ ఒక కాలక్షేపం ఉండేది. బండి లాగుతూ ఒక్కొక్కరు తాము ఇంటికి వెళ్ళాక పెట్టబోయే విందును వర్ణించాలి, మిగిలినవారు దాని మంచిచెడ్డలు తేల్చాలి. అందులో ఫ్రాంక్ వైల్డ్ కనిపెట్టిన ఊహా వంటకానికి అందరూ అగ్రతాంబూలం ఇచ్చారు. మసాలా దట్టించిన కైమాను కొవ్వున్న పంది మాంసపు పలచని ముక్కల్లో చుట్టాలి, దాని చుట్టూ కొవ్వు కలిపిన పిండి పొర కప్పాలి, ఆ మొత్తాన్ని మళ్ళీ బోలెడంత కొవ్వులో వేయించాలి. మామూలు మనిషి రెండు ముక్కలు తింటే సాయంత్రం దాకా లేవలేడు. తిరుగు దారిలో షాకల్టన్ తన వాటాకు వచ్చిన ఒక్క బిస్కెట్టును బలవంతంగా వైల్డ్ చేతిలో పెట్టాడు. వేల పౌండ్లు ఇచ్చినా ఆ బిస్కెట్టును కొనలేరని వైల్డ్ తన డైరీలో రాసుకున్నాడు.

స్కాట్ చివరి యాత్రలో పాల్గొన్న చెర్రీ గరార్డ్ అనే యువకుడికి మరో రకం కల వచ్చేది. ప్రతి రాత్రీ ఇంగ్లండులోని హాట్‌ఫీల్డ్ రైల్వే స్టేషనులో ఒక కొట్టు దగ్గర పెద్ద బన్నులు, చాక్లెట్టు కొనుక్కునేవాడు, అవి నోటి దాకా వచ్చేలోగా మెలకువ వచ్చేసేది. గూడూరు జంక్షనులో ఇడ్లీ పొట్లానికి డబ్బులిచ్చి, పొట్లం చేతికి అందే లోపల రైలు కదిలిపోయిన అనుభవం ఉన్న మన మద్రాసు తెలుగువారికి ఈ బాధ కొత్త కాదు. తేడా ఏమిటంటే, మనకు తరువాతి స్టేషను వస్తుంది.

ఈ కలలకు కారణం లెక్కలో దొరుకుతుంది. స్కాట్ బృందం ధ్రువ పీఠభూమి మీద రోజుకు తిన్నది సుమారు 4,500 కిలోకేలరీలు, ఆ చలిలో మనుషులే బండ్లు లాగుతూ ఖర్చు చేసినది 6,000 దాటుతుందని తరువాతి వారి అంచనా. తిండిలో ముఖ్యమైనది పెమ్మికన్, అంటే ఎండబెట్టి దంచిన మాంసం, కొవ్వు కలిపిన దిమ్మ. దాన్ని మరిగే నీళ్ళలో కలిపి బిస్కెట్టు పొడి వేసుకుని తాగేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944 నవంబరులో మొదలైన ఒక ప్రయోగంలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు వారి ఇష్టపూర్వకంగానే నెలల తరబడి అర్ధాకలి తిండి పెట్టి గమనించాడు. అంతకు ముందు వంటింటి గడప తొక్కని వారిలో కూడా కొందరు వంటల పుస్తకాలు పోగుచేసి, రాత్రిళ్ళు కథల్లాగ చదువుకోవడం మొదలుపెట్టారు. మిన్నెసోటాలో, ఇంటికి దూరమైన బాధ ఏమంత లేని చోట కూడా అదే జరిగిందంటే, మంచులో నడిచినవారి వంటల ముచ్చట్లలో సగానికి పైగా శరీరం మాట్లాడిందని అనుకోవచ్చు.

ఇక పిన్ని అడిగిన ఆ ఓడవాళ్ళ దగ్గరికి వద్దాం. ఎండ్యూరెన్స్ అనే ఆ ఓడ 1915 నవంబరు 21న మునిగిపోయింది. పడవల్లో పడుతూ లేస్తూ 1916 ఏప్రిల్ మధ్యలో ఎలిఫెంట్ ద్వీపం చేరాక, సహాయం కోసం షాకల్టన్‌తో కలిపి ఆరుగురు వెళ్ళిపోగా మిగిలిన 22 మంది, బోర్లించిన రెండు పడవల కింద ఆగస్టు 30 దాకా గడిపారు. వారికి సీళ్ళూ పెంగ్విన్లూ దొరికాయి, అంటే మాంసం, కొవ్వు ఉన్నాయి. లేనిదల్లా పిండి, చక్కెర. అందుకే ఇప్పుడు ఏమి కావాలి అని వైద్యుడు మెకిల్రాయ్ ఒక్కొక్కరినీ అడిగితే, ఎక్కువ మంది మీగడతో కూడిన తియ్యని పుడ్డింగులే కోరారు. ఏడేళ్ళ కిందట కొవ్వు మీద కొవ్వు పోసి వేయించిన వంటకాన్ని కలగన్న వైల్డ్ కూడా ఆ గుంపులోనే ఉన్నాడు, అతడూ ఈసారి మీగడతో ఆపిల్ పుడ్డింగే అడిగాడు. నోటి కోరిక మనిషిని బట్టి మారిందా, పూటపూటా కంచంలో ఏది కరువైతే దాన్ని బట్టి మారిందా అన్నదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆ జాబితాలో నన్ను ఆపేసినది మాత్రం బ్లాక్‌బరో అనే కుర్రవాడి జవాబు. బ్యూనస్ ఐరిస్‌లో దొంగతనంగా ఓడెక్కినవాడు అతడు, ఆ ద్వీపం మీదనే మంచు కొరికిన కాలి వేళ్ళు తీసేయించుకున్నవాడు. అతడు అడిగింది ఉత్త రొట్టె, వెన్న. మనవాళ్ళెవరైనా ఉంటే ముద్దపప్పు, నెయ్యి అన్నం అని ఉండేవారు. ఇది ఆకలి అడిగిన మాటలాగ లేదు, ఇక్కడి నుంచి బెంగ మొదలవుతుంది.

బెంగను విడిగా చూడాలంటే కడుపు నిండిన యాత్రికుడు ఒకడు కావాలి. అలాంటివాడు నార్వేకు చెందిన నాన్సెన్. 1895 మార్చిలో ఫ్రామ్ ఓడను విడిచి, యోహాన్సెన్‌తో కలిసి ఉత్తర ధ్రువం వైపు వెళ్ళి, 86 డిగ్రీల 14 నిమిషాల దగ్గర వెనుదిరిగి, ఆ ఏడు శీతాకాలం ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపాలలో చిక్కుకుపోయాడు. రాళ్ళ గోడల మీద వాల్రస్ తోళ్ళు కప్పిన గుంటలాంటి గుడిసెలో, ఆగస్టు చివర నుంచి మరుసటి ఏడు మే దాకా ఆ ఇద్దరే ఉన్నారు. ఉదయం ఉడికించిన ఎలుగుబంటి మాంసం, రాత్రి వేయించిన ఎలుగుబంటి మాంసం. తిండికి లోటు లేకపోవడమే కాదు, చివరికి తూచుకుంటే నాన్సెన్ సుమారు 10 కిలోలు బరువు పెరిగాడు.

మరి అతడు దేని కోసం బెంగపడ్డాడు? సబ్బు కోసం. జిడ్డుతో ఒంటికి అంటుకుపోయిన బట్టలు మార్చుకోలేని ఆ నెలల్లో, గోడల నిండా కొత్తవీ, శుభ్రమైనవీ, మెత్తనివీ అయిన ఉన్ని బట్టలు మాత్రమే వేలాడే వెలుతురైన దుకాణాన్ని తలుచుకునేవాడు, వేడి నీళ్ళ స్నానాన్ని తలుచుకునేవాడు. ఆ గుడిసెలో ఉన్న అచ్చు కాగితాలు నావికుల పంచాంగం, అంకెల పట్టికలు మాత్రమే. వాటినే తిప్పి తిప్పి చదివేవారు, ఎందుకంటే అచ్చక్షరం కంటికి కనబడితే ఇంకా లోకంలోనే ఉన్నామన్న ధైర్యం కలిగేది. క్రిస్మస్ పండుగకు కొత్త బట్టలు లేవు కనుక, వేసుకున్న చొక్కాలనే తిరగేసి తొడుక్కున్నారు. సంక్రాంతికి చొక్కా తిరగేసి వేసుకున్న ఇంటిని ఒకసారి ఊహించండి, నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నార్వే భాషలోనూ అప్పట్లో మనలాగే మీరు, నువ్వు అనే తేడా ఉండేది. ఒకే పక్కలో, ఒకరి ఒంటి వెచ్చదనం ఒకరికి అందేలా పడుకున్న ఆ ఇద్దరూ నెలల తరబడి మీరు అనే అనుకున్నారు. నువ్వులోకి దిగినది ఆ ఏటి డిసెంబరు 31 రాత్రి. ఆ మర్యాద వెనుక అహంకారం ఉందని కొందరంటారు. మిగిలినదంతా ఊడిపోయాక ఇంటి నుంచి మోసుకొచ్చినవాటిలో చెక్కుచెదరకుండా మిగిలినది ఆ ఒక్క పలకరింపేనేమో అని నా అనుమానం. 1896 జూన్ 17న అనుకోకుండా జాక్సన్ అనే ఆంగ్లేయుడు ఎదురుపడి తన శిబిరానికి తీసుకువెళ్ళాక, వేడి నీళ్ళు, సబ్బు, శుభ్రమైన బట్టలు దొరికాయి.

ఇప్పటి ధ్రువ కేంద్రాలలో ఉండేవారు నాన్సెన్ వైపువారే, షాకల్టన్ వైపువారు కారు. మన దేశానికి అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి కేంద్రాలు ఉన్నాయి. ఆర్కిటిక్‌లో 2008 నుంచి హిమాద్రి ఉంది. వేళచ్చేరి నుంచి తాంబరం పోయే రోడ్డు మీద, పళ్ళికరణైలో సముద్ర సాంకేతిక సంస్థ గోడ పక్కనుంచి బస్సులో వెళ్ళే మనలో చాలామందికి, 2014లో ఆర్కిటిక్ సముద్రంలో దించిన మన పరిశీలన పరికరం తయారీలో ఆ సంస్థ చెయ్యి ఉందని తెలియదు. ఆ కేంద్రాలలో బియ్యం, పప్పు, మసాలా దినుసులు నిల్వ ఉంటాయి, వంటవారు ఉంటారు. భారతిలో ఇస్రోకు చెందిన మంగళ మణి, 23 మంది బృందంలో ఏకైక మహిళగా, 56 ఏళ్ళ వయసులో 403 రోజులు ఉండి వచ్చారు. అంతటి కాలంలో ఆకలి సమస్య కాదు. చివరి ఓడో విమానమో వెళ్ళిపోయాక తాజా కూర, తాజా పండు అన్న మాట ఉండదు. మైత్రి దగ్గర సుమారు రెండు నెలలు సూర్యుడే కనబడడు. కోయంబేడు మార్కెట్టులో అర్ధరాత్రి లారీల నుంచి దిగే కొత్తిమీర వాసన పీల్చి పెరిగినవాడికి, అన్నీ ఉన్న కంచంలో పచ్చరంగు లేకపోవడం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. జర్మనీవారు తమ నోయ్‌మాయర్ కేంద్రం దగ్గర 2018లో మట్టి లేని తోట ఒకటి పెట్టి, ఏడాది లోపలే 268 కిలోల కూరగాయలు పండించారు. అందులో 67 కిలోలు దోసకాయలే. బయట చీకటి, లోపల దోసపాదు.

మట్టి లేని తోట అన్నాను కదా, దానికి కారణం ఉంది. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన పర్యావరణ ఒప్పందం ప్రకారం, అనుమతి లేకుండా బయటి మొక్కను ఆ ఖండానికి తీసుకుపోకూడదు, శుద్ధి చేయని మట్టిని సాధ్యమైనంత వరకు తేకూడదు. కనుక పెరట్లోని కరివేపాకు మొక్కను కుండీతో సహా ఎత్తుకుపోవడం కుదరదు. ఎండబెట్టిన ఆకు తీసుకుపోవచ్చు, కానీ ఎండిన కరివేపాకు తిరగమోతలో వేస్తే చిటపట రాదు. ఊరగాయకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నిజానికి ఆవకాయ జాడీ అనేదే నెలల తరబడి దూరాలకు పోయేవారి కోసం పుట్టినట్టుంటుంది, ఉప్పు, కారం, నూనె కలిసి పెమ్మికన్ చేయలేని పని చేస్తాయి.

ఇదంతా చెప్పి మొన్న ఆదివారం పిన్నికి జవాబిచ్చాను. పాలపొడి ఉంటుంది, గది వెచ్చగానే ఉంటుంది, కాస్త తోడు తీసుకుపోతే పెరుగుకు ఢోకా లేదన్నాను. పిన్ని నెల్లూరు నుంచి కాపురానికి మద్రాసు వచ్చినప్పుడు స్టీలు క్యారియరు అడుగు గిన్నెలో తెచ్చుకున్నది పెరుగే, ఇక్కడి తోడు మీద ఆమెకు నమ్మకం లేక. నా మాట విని కాసేపు ఊరుకుని, "అది సరేరా, రోజూ తినేశాక ఒక చెంచాడు మిగల్చాలని అంతమంది మగాళ్ళలో ఎవడికి గుర్తుంటుంది?" అంది. మంగళ మణి గారి సంగతి చెప్పాను. "ఆవిడ చేత కూడా తోడు పెట్టించారంటావా?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.