టిఫిన్ రెడీ, తినేవాళ్ళే లేరు

పొద్దున్న ఏడైంది. లేవండి లేవండి అని గడియారం పాడుతోంది. వంటింట్లో పొయ్యి తనంతట తనే టిఫిన్ చేసేసింది. ఎనిమిది టోస్టులు, ఎనిమిది గుడ్లు, రెండు కాఫీలు, రెండు గ్లాసుల పాలు. లెక్క అర్థమైందిగా? ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు. ఒక్కరూ రారు. ఎనిమిదిన్నరకి గుడ్లు ఎండిపోయి, టోస్టు రాయిలా అయ్యాక, ఆ ఇల్లే అంతా గీకి పారేస్తుంది.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీ కథ ఇది, 'దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్'. 1950 మేలో కోలియర్స్ పత్రికలో వచ్చింది. అదే ఏడాది 'ద మార్షియన్ క్రానికల్స్' పుస్తకంలో చేరింది. పుస్తకంలో కథ జరిగేది 2026 ఆగస్టు 4న, కాలిఫోర్నియాలో. తర్వాతెప్పుడో ఒక ఎడిషన్‌లో 2057కి జరిపారు. అనవసరం అనిపించింది నాకు.

భయపెట్టే కథే, కానీ దెయ్యం లేదు ఇందులో. అసలు మనిషే లేడు. ఇంటి పడమటి గోడ నల్లగా మాడిపోయింది, ఐదు చోట్ల తప్ప. గడ్డి కోస్తున్న నాన్న, పువ్వుల కోసం వంగిన అమ్మ, చేతులెత్తిన పిల్లాడు, గాల్లో బంతి, అవతల పాప. వాళ్ళు అడ్డున్న మేరకే రంగు మిగిలింది. అణుబాంబు పడటం మాత్రం చూపించడు. 1945లో హిరోషిమాలో బ్యాంకు మెట్ల మీద మిగిలిన నీడ ఫోటో చూసినవాళ్ళకి చూపించక్కర్లేదు కూడా.

మధ్యాహ్నం వాళ్ళ కుక్క వస్తుంది, ఒళ్ళంతా పుళ్ళతో. మూసిన తలుపు వెనకాల పాన్‌కేకుల వాసన. గుండ్రంగా తిరిగి తిరిగి పడి చచ్చిపోతుంది. కాసేపటికి శుభ్రం చేసే చిట్టి యంత్రపు ఎలుకలు బయల్దేరతాయి. రెండుంపావుకల్లా కుక్క లేదు. ఏడ్చే వాక్యం ఒక్కటి రాయలేదండీ బ్రాడ్‌బరీ. టైము చెప్పి ఊరుకున్నాడు.

చివర్లో ఇల్లు తగలబడుతుంది. బాగానే ఉంటుంది గానీ, అక్కడ హడావుడి ఎక్కువ. నాకు వెన్ను జలదరించింది దానికి గంట ముందు. రాత్రి తొమ్మిదీ ఐదుకి ఇల్లు ఎంతో మర్యాదగా అడుగుతుంది: మిసెస్ మెక్లెలన్, ఈ రాత్రి ఏ కవిత చదవమంటారు?

జవాబు లేదు. సరే, ఏదో ఒకటి నేనే చదువుతానంటుంది. శారా టీస్‌డేల్ 1918లో రాసిన కవిత తీస్తుంది, మనుషులంతా పోయినా వసంతం గమనించదని చెప్పే కవిత. తీసి, మిసెస్ మెక్లెలన్‌తో అంటుంది: నాకు గుర్తే, ఇది మీకు చాలా ఇష్టం కదా.