సమ్మెట దెబ్బలో బలం ఎంత?

నమస్తే. ఇంటర్ ఫస్టియర్‌లో గమన నియమాల పాఠం. అందులో ప్రచోదనం రాగానే అందరూ క్రికెట్ బంతి లెక్కే చేయిస్తారు. అది మీకు ఎలాగూ వస్తుంది. మనం ఇవాళ రాయి కొడదాం. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు గుట్టలకు కొదవ లేదు, సమ్మెట చప్పుడూ మనకు కొత్త కాదు.

సూత్రం ఒక్క ముక్కే. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే ప్రచోదనం. ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగంలో, వచ్చిన మార్పు కూడా అంతే ఉంటుంది. ప్రమాణం న్యూటన్ సెకను.

రాసుకోండి. సమ్మెట 5 కిలోలు. ఉలి తలను తాకేటప్పుడు వేగం సెకనుకు 6 మీటర్లు. 2 మిల్లీసెకన్లలో ఆగిపోయింది. సగటు బలం ఎంత?

ముందు ద్రవ్యవేగం: 5 ఇంటూ 6, 30. ఆగాక సున్నా. అంటే ప్రచోదనం 30 న్యూటన్ సెకన్లు. దాన్ని 0.002తో భాగిస్తే 15,000 న్యూటన్లు. దాదాపు ఒకటిన్నర టన్నుల బరువు ఉలి మీద పడ్డట్టు.

చాలామంది ఇక్కడే జారిపోతారు. మిల్లీసెకన్లను సెకన్లలోకి మార్చకుండా 2తో భాగించేస్తారు. 15 న్యూటన్లు వస్తుంది. అంటే కిలోన్నర బియ్యం బరువు! దానికి బండ పగులుతుందా? జవాబు రాగానే నమ్మేలా ఉందా లేదా అని ఒక్క క్షణం చూసుకోండి, సగం మార్కులు అక్కడే మిగులుతాయి.

ఇప్పుడు అదే సమ్మెట అదే వేగంతో మెత్తటి మట్టిలో దిగబడింది, ఆగడానికి 0.1 సెకను పట్టింది అనుకుందాం. ప్రచోదనం మారలేదు, అదే 30. బలం మాత్రం 300 న్యూటన్లకు పడిపోయింది. చేతితో కంకర కొట్టేవాళ్లు రాయి కింద గట్టి బండ వేసుకునేది అందుకే. కింద మట్టి ఉంటే దెబ్బకు రాయి లోపలికి దిగుతుంది, ఆగే కాలం పెరుగుతుంది, రాయి పగలదు.

ఆ 300 దగ్గర ఒక మెలిక ఉంది. సూత్రంలో బలం అంటే ఫలిత బలం. సమ్మెట బరువు 49 న్యూటన్లు కిందికి లాగుతూనే ఉంది కాబట్టి, మట్టి పైకి నెట్టింది నిజానికి 349. మరి ఉలి లెక్కలో ఈ 49 ఎందుకు కలపలేదు? 15,000 పక్కన అది లెక్కలోకి రాదు. పుస్తకాల్లో బరువును వదిలేయడం కాలం బాగా తక్కువైనప్పుడే చెల్లుతుంది. ఈ మాట విడిగా చెప్పేవాళ్లు తక్కువ, అందుకే నేను ఇంతసేపు చెప్తున్నాను.

ఇంకోటి. 15,000 అనేది సగటు మాత్రమే. దెబ్బ తగిలిన క్షణంలో బలం సున్నా నుంచి పైకి లేచి మళ్లీ సున్నాకు వస్తుంది. బలం, కాలం గ్రాఫ్ గీస్తే దాని కింది వైశాల్యమే ప్రచోదనం. గ్రాఫ్ త్రిభుజంలా ఉందనుకుంటే, సగం ఇంటూ 0.002 ఇంటూ 30,000, వైశాల్యం మళ్లీ 30. అంటే గరిష్ఠ బలం సగటుకు రెట్టింపు. బండను పగలగొట్టేది ఆ గరిష్ఠమే.

65వ నంబరు హైవే మీద బండి నడిపేవాళ్ల హెల్మెట్‌లో థర్మకోల్ పొర ఉంటుంది కదా, అది నలుగుతూ ఆగే కాలాన్ని పెంచుతుంది. సూత్రం అదే, లెక్క మీరే వేసుకోగలరు.

చివరగా మీకొక లెక్క. 4 కిలోల సమ్మెట సెకనుకు 8 మీటర్ల వేగంతో తగిలి, 1 మీటరు వేగంతో వెనక్కి ఎగిరింది. తాకి ఉన్న కాలం 3 మిల్లీసెకన్లు. బరువు వదిలేయండి. సగటు బలం 12,000 న్యూటన్లు రావాలి. 9,333 వచ్చిందా? వెనక్కి వచ్చిన వేగానికి గుర్తు మార్చలేదు, 8లోంచి 1 తీసేశారు. దిశ తిరిగింది కాబట్టి కలపాలి.