బోరు నీళ్లలో పెట్రోలు వాసన: ఎవరి మాట నమ్మాలి?

యాంకర్: నమస్కారం. బంకులో భూమిలో పాతిన ట్యాంకు కారితే ఆ పెట్రోలు బంకు గోడ దగ్గర ఆగదు. దీని గురించి మాట్లాడటానికి భూగర్భ జలాల నిపుణురాలు, పర్యావరణ ఇంజనీరు, నగర శివారు కాలనీలో ఉండే ఒక గృహిణి మనతో ఉన్నారు. అమ్మా, ముందు మీరు చెప్పండి.

గృహిణి: మా ఇంటికీ బంకుకీ మధ్య రెండు వీధులండీ. ఒకరోజు పొద్దున్నే గిన్నెలు తోముతుంటే నీళ్లు గుప్పున పెట్రోలు వాసన కొట్టాయి. సంపు కడిగించాం, పైన ట్యాంకు కడిగించాం. మర్నాడు మళ్లీ అదే వాసన. బంకుకి వెళ్లి అడిగితే, "మా పెట్రోలు నిల్వ లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, మధ్యలో ఇళ్లకి లేనిది మీకెలా వస్తుంది?" అన్నారు. మా పక్కింటి అబ్బాయైతే బకెట్లో అగ్గిపుల్ల వేసి చూద్దామన్నాడు.

ఇంజనీరు: అమ్మా, ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు. మోటారు కూడా వేయొద్దు. బోరు గొట్టంలో పెట్రోలు ఆవిరి పేరుకుని ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మరగబెట్టి తాగుదామనీ అనుకోవద్దు. పెట్రోలులో ఉండే బెంజీన్ అనే రసాయనం ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది, అది రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత కొద్ది బెంజీన్ ముక్కుకి తెలియదు. కాబట్టి వాసన తగ్గినంత మాత్రాన నీళ్లు మంచివైపోయినట్టు కాదు.

యాంకర్: మేడం, లెక్కలు సరిగ్గా ఉన్నాయంటే కారలేదనేనా?

నిపుణురాలు: ఆ లెక్కలు ఎవరు చూశారన్నది ముఖ్యం. హవాయిలో రెడ్ హిల్ అని అమెరికా నౌకాదళం ఇంధన నిల్వ కేంద్రం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొండ లోపల 20 పెద్ద ట్యాంకులు కట్టారు. కింద 100 అడుగుల దూరంలోనే తాగునీటి జలాశయం. 2021 మేలో అక్కడ పైపు దెబ్బతిని దాదాపు 20,000 గ్యాలన్ల విమాన ఇంధనం, అంటే సుమారు 75,000 లీటర్లు, మంటలార్పే వ్యవస్థ తాలూకు పైపులోకి వెళ్లిపోయింది. పోయింది చాలా తక్కువేననుకుని ఊరుకున్నారు. నిల్వ లెక్కలో తేడాని గట్టిగా పట్టించుకున్నవాళ్లు లేరు. నవంబరు 20న ఒక బండి తగిలి ఆ పైపు పగిలింది. సుమారు 93,000 మంది వాడే నీటి వ్యవస్థలోకి ఇంధనం చేరింది. వాసన వస్తోందని జనం ఫోన్లు చేస్తే మొదట్లో నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. 2022 మార్చిలో ఆ కేంద్రాన్నే మూసేయమని ఆదేశించాల్సి వచ్చింది. ఆరునెలల ముందే లెక్క చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంజనీరు: మన బంకుల్లోనూ అంతే. రోజూ డిప్ రాడ్‌తో, అంటే ట్యాంకులోకి దించే కొలత కడ్డీతో కొలిచిన నిల్వ, ట్యాంకర్లో వచ్చిన లోడు, అమ్మకం, ఈ మూడూ కలవాలి. రాడ్‌కి నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసి ట్యాంకు అడుగున నీళ్లున్నాయేమో చూస్తారు. వర్షాకాలంలో ఆ నీళ్లు మాటిమాటికీ కనిపిస్తుంటే, ట్యాంకులోకి నీళ్లు దిగే చిల్లు నుంచే పెట్రోలు బయటికీ పోతుందేమో చూడాలి.

గృహిణి: మధ్యలో ఇళ్లకి ఎందుకు రాలేదు మరి?

నిపుణురాలు: మంచి ప్రశ్న అడిగారు. పెట్రోలు నీటికంటే తేలిక, భూగర్భ జలం మీద తేలుతుంది. ఇసుక నేలల్లో నీరు పారే వైపు మెల్లగా పరుచుకుంటుంది. మన తెలంగాణలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు రాతి పగుళ్లలోనే నడుస్తాయి. పక్కింటి బోరు పగులుకి తగలకపోతే శుభ్రంగానే ఉంటుంది, రెండు వీధుల అవతలి మీ బోరు తగిలితే పాడవుతుంది. కాబట్టి వాళ్లకి లేదు కనుక మీకూ లేదనడం తప్పు.

యాంకర్: మరి ఎలా కనిపెట్టాలి?

నిపుణురాలు: నీరు ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు పరిశీలన బావులు, అవీ ఒకే వరసలో కాకుండా వేయాలి. గొట్టానికి రంధ్రాలు నీటిమట్టం దగ్గరే ఉండాలి. 600 అడుగుల లోతు నీళ్లు మాత్రమే తోడి పరీక్షిస్తే పైన తేలే పెట్రోలు కనిపించదు. లోతుగా వేసిన బోరు గొట్టం చుట్టూ సరిగ్గా మూయకపోతే కాలుష్యాన్ని అదే కిందికి దించుతుంది కూడా.

ఇంజనీరు: శుభ్రం చేయడం ఆ తర్వాత. ముందు ట్యాంకు ఖాళీ చేసి కారడం ఆపాలి. పైన తేలే ఇంధనాన్ని తోడేయాలి. మట్టిలోని ఆవిరిని గాలి పంపుతో లాగుతారు, నీటిలోకి గాలి పంపి పెట్రోలుని తినే సూక్ష్మజీవులకి ఆక్సిజన్ అందిస్తారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. సూక్ష్మజీవులు ముందు దాన్నే తినేస్తాయి, ఆక్సిజన్ దానికే అయిపోతుంది, బెంజీన్ అలాగే మిగిలి ఇంకా దూరం పోతుంది. అందుకే ఏళ్లు పడుతుంది.

గృహిణి: ఖర్చు ఎవరిది సార్? మాదా?

ఇంజనీరు: కాదు. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. కాలుష్యం చేసినవాళ్లే భరించాలి. కానీ అది వాళ్లదేనని తేల్చడానికి ఆధారం కావాలి.

యాంకర్: ఇంటికి వెళ్లాక ఈవిడ ఏం చేయాలి?

నిపుణురాలు: తాగడం, వండటం ఆపండి. నమూనా గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా నిండుగా పట్టి, చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కి పంపాలి. ప్లాస్టిక్ బాటిల్ వద్దు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బంకులో రోజువారీ కొలతలు రాసే డిప్ రిజిస్టర్‌ని తనిఖీ చేయమని అందులోనే అడగండి. వాసన ఏ తేదీన, ఏ వేళ వచ్చిందో కూడా రాయండి.

గృహిణి: తేదీలన్నీ పాల లెక్క రాసే నోటు పుస్తకంలో రాసుకున్నానండీ. సంచిలోనే ఉంది, చూపించనా?