అక్కయ్య అరికాలు

పెద్దలందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. మన విశ్రాంత ఉద్యోగుల సంఘంలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు నా దగ్గర గజ్జికో తామరకో మందు రాయించుకున్నవాళ్లే కాబట్టి, నేరుగా విషయంలోకి వస్తాను. మీరిచ్చిన అంశం 'డి విటమిన్ – చర్మ క్యాన్సర్'.

పోయిన నెల మీటింగులో రక్తపరీక్ష రిపోర్టులు చేతులు మారడం చూశాను. "నాకు పన్నెండు, మీకెంత?" అని అడుగుతున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అక్కయ్య గుర్తొచ్చింది. ముందు సైన్సు చెప్పి ఆవిడ దగ్గరికి వస్తాను.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటి మీద పడితే చర్మంలోనే డి విటమిన్ తయారవుతుంది. కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపానికి తెస్తాయి. తెల్లచర్మం వాళ్లకు క్యాన్సర్ తెచ్చిపెట్టేదీ ఆ కిరణాలే. ఆస్ట్రేలియాలో 1981 నుంచి 'చొక్కా తొడుక్కోండి, క్రీము పూసుకోండి, టోపీ పెట్టుకోండి' అని పాట కట్టి మరీ చెబుతున్నారు. సరిగ్గా ఆ ఏడాదే ప్రయోగశాలలో ఇంకో సంగతి బయటపడింది. మెలనోమా కణాల మీద డి విటమిన్ చురుకైన రూపాన్ని వేస్తే వాటి ఎదుగుదల తగ్గింది. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, చర్మ క్యాన్సర్లలో బాగా ప్రమాదకరమైనది.

2009లో ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు 872 మంది మెలనోమా రోగుల వివరాలు ప్రచురించారు. జబ్బు బయటపడినప్పుడు రక్తంలో డి విటమిన్ ఎక్కువ ఉన్నవాళ్లలో గడ్డ మందం తక్కువ. వాళ్లు ఎక్కువ కాలం బతికారు కూడా. అది చదివి నేనూ సంబరపడ్డాను. మాత్ర వేస్తే సరిపోతుందేమో అనిపించింది.

సరిపోలేదండీ. జబ్బుమనిషి ఎండలోకి రాడు. ఒంట్లో వాపు ఉన్నా, ఒళ్లు బరువెక్కినా రక్తంలో డి పడిపోతుంది. అంటే డి తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు వల్ల డి తగ్గిందా? బెల్జియంలో, గడ్డ కోసి తీసేసిన 400 పైచిలుకు మెలనోమా రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నెలకు 1,00,000 యూనిట్ల డి, రెండో జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2024లో ఫలితం వచ్చింది. జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు. తక్కువ ఉన్నవాళ్లు ఎముకల కోసం డి వేసుకోవాల్సిందే, కాదనను. క్యాన్సర్‌కు కాపలా అనుకుని మాత్రం వేసుకోకండి. డాక్టరు చెప్పినదానికి మించి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

తిరుపతి స్విమ్స్ వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షలు చేస్తే, రోజంతా పొలంలో ఉన్నవాళ్లలో కూడా చాలామందికి డి చాలడం లేదని తేలింది. అంతెందుకు, మా అక్కయ్యది ఎండలో పుట్టి ఎండలో పెరిగిన ఒళ్లు. ఆవిడ రిపోర్టులో తొమ్మిది.

ఆ తొమ్మిదిని చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. 60,000 యూనిట్ల పొడి, వారానికొక ప్యాకెట్. ఆదివారం పొద్దున్నే గ్లాసుడు పాలలో కలుపుకుని, ఖాళీ ప్యాకెట్ క్యాలెండర్ మేకుకు గుచ్చేది, లెక్క తప్పకుండా. ఎనిమిది వారాలు, ఎనిమిది ప్యాకెట్లు. పట్నం ఆసుపత్రిలో నెంబరు ముప్పై దాటిందని మెచ్చుకున్నారు.

"కాలు నొప్పిగా ఉందయ్యా" అని ఆవిడ ఆ గదిలోనే చెప్పింది. ఆనెకాయ అన్నారు. బ్లేడుతో పైపైన చెక్కి కట్టు కట్టారు. చెక్కిన ముక్కను పరీక్షకు పంపలేదు. ఇంటికొచ్చాక జిల్లేడు పాలు పెట్టుకుంది. నేను చర్మ వైద్యుణ్ణి. పండక్కి వెళ్లి ఆవిడ పాదాలకు దండం పెట్టాను. దండం పెట్టేటప్పుడు పాదం పైభాగమే కనిపిస్తుంది.

గజ్జల్లో బిళ్ల కట్టాక ఫోను చేసింది, "ఒరే తమ్ముడూ, ఒకసారి వచ్చిపోరా" అని. వెళ్లి కాలు ఒళ్లో పెట్టుకుని టార్చి వేశాను. మడమ దగ్గర పావలా బిళ్లంత మచ్చ. ఒక అంచు కాటుకలా నలుపు, ఇంకో అంచు గోధుమరంగు, మధ్యలో రసి. చూడగానే నాకు తెలిసిపోయింది. పధ్నాలుగు నెలలు బతికింది.

క్షమించండి, కాసిని నీళ్లు తాగుతాను.

మన దేశంలో మెలనోమా అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. 36 ఏళ్లకే పోయాడు. అరికాలి మచ్చకు ఎండతో పనిలేదు. ముల్లు గుచ్చుకున్న రక్తపు మరక వారాల్లో పోతుంది, ఇది పోదు, పెరుగుతుంది. రెండు మూడు రంగులుంటాయి, అంచు వంకరటింకరగా ఉంటుంది. గోరు మీద నల్లచార వెడల్పవుతూ గోరు పక్క చర్మానికి పాకుతుంది. పల్చగా ఉన్నప్పుడు కోసేస్తే చాలామందికి అంతటితో నయమవుతుంది. మిల్లీమీటర్ల లెక్క అది.

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. చదవను. వెనక కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయించాను, టార్చి తెచ్చాను. షుగర్ ఉన్నవాళ్లు ముందు రండి, మీకు ముల్లు దిగినా తెలియకపోవచ్చు. మాస్టారూ, సాక్సు విప్పండి. అమ్మా, పాదం నాకు చూపించడానికి మొహమాటపడకండి, మీరు మా అక్కయ్య వయసువారే. ఆ కుర్చీలో కూర్చోండి.