ముందు చక్రం పట్టేయకుండా ఆపే మడ్‌గార్డ్: బెంగళూరు వానల్లో వాడి చూశాను

నమస్తే అండీ అందరికీ. వానలు మొదలయ్యాయి, బెంగళూరులో సైకిల్ తొక్కేవాళ్లకి మడ్‌గార్డ్ గుర్తొచ్చే టైమ్ ఇది. ఈ సెట్ కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. పేరు, సైజులు, బరువు, ధర కింద లింక్‌లో ఉన్నాయి. మీలో చాలామంది ఇప్పటికే చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. నేను మాట్లాడేదంతా దీని గురించే. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్క్ చివర, యాక్సిల్‌కి, అంటే చక్రం ఇరుసుకి కాస్త పైన, ఈ చిన్న నల్ల ప్లాస్టిక్ క్లిప్.

ఇది ఎందుకో తెలియాలంటే ముందు చక్రం ఎలా పట్టేస్తుందో తెలియాలి. సైకిల్ ముందుకు వెళ్తుంటే చక్రం వెనక భాగం కింది నుంచి పైకి తిరుగుతుంది కదా. రోడ్డు మీద పుల్లో, తాడు ముక్కో టైర్‌కి తగులుకుంటే, అది కూడా టైర్‌తో పాటు పైకి లేచి మడ్‌గార్డ్ సందులోకి వెళ్తుంది. అక్కడ ఇరుక్కుందంటే టైర్ మడ్‌గార్డ్‌నే పైకి లాగడం మొదలుపెడుతుంది. మామూలు మడ్‌గార్డ్‌లో దాన్ని ఫోర్క్‌కి పట్టి ఉంచే సన్నటి కడ్డీలు కింద నట్లతో బిగించి ఉంటాయి కాబట్టి మడ్‌గార్డ్‌కి తప్పుకునే దారి లేదు. మడతపడి ఫోర్క్ కింద కుక్కుకుపోతుంది. చక్రం ఆగిపోతుంది, మనం ఆగం. హ్యాండిల్ మీదుగా మొహం ముందుకు పెట్టి పడతాం. పుల్ల స్పోక్స్‌లో దూరి కడ్డీకి తగులుకున్నా ఇదే జరుగుతుంది. వెనక చక్రం పట్టేస్తే సైకిల్ జారుతుంది, కొంచెం ఈడ్చుకుపోతుంది, చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రానికి ఆ అవకాశమే లేదు.

ఇప్పుడు క్లిప్ ఏం చేస్తుందో చూడండి. సైకిల్ స్టాండ్‌కి ఎక్కించాను. కడ్డీ చివర ఈ క్లిప్‌లో గుచ్చి ఉంది, నట్‌తో బిగించి లేదు. చేత్తో కడ్డీని పైకి నెడుతున్నాను... టక్. విన్నారా? ఊడి వచ్చేసింది. అంటే టైర్ లాగినప్పుడు కడ్డీ వదిలేస్తుంది, మడ్‌గార్డ్ పక్కకు తప్పుకుంటుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. మనం బ్రేక్ వేసి దిగి, కడ్డీ మళ్లీ గుచ్చుకుని వెళ్లిపోవచ్చు. జర్మనీ మడ్‌గార్డ్ కంపెనీ ఎస్‌కేఎస్ వాళ్ల సెక్యూ-క్లిప్ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు, పని అదే.

ఐఎస్ఓ 4210 అని సైకిళ్ల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ముందు మడ్‌గార్డ్‌కి విడిగా పరీక్షే పెట్టారు. 12 మిల్లీమీటర్ల ఉక్కు రాడ్‌ని స్పోక్స్ మధ్యలో పెట్టి, మడ్‌గార్డ్ కడ్డీలని 160 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 16 కిలోల బరువంత, ఒక నిమిషం పాటు పైకి నెడతారు. రాడ్ తీశాక చక్రం తిరగాలి. పరీక్ష పెట్టారంటే ఆ ప్రమాదం నిజంగా ఉన్నట్టే కదా.

మన ఊళ్లో అయితే మరీను. ఒక్క గాలివానకి రెయిన్ ట్రీ కొమ్మలు రోడ్డంతా పరుచుకుంటాయి. ఫుట్‌పాత్ పక్కన వేలాడే ఇంటర్నెట్ కేబుళ్లు తెగి, చుట్టలు చుట్టలుగా రోడ్డు మీదకి వస్తాయి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి బెళ్లందూరు వైపు పొద్దున్నే వెళ్తుంటే నాకు గుంతల కంటే ఆ కేబుల్ ముక్కలంటేనే టెన్షన్.

ఇంతకుముందు నేను వాడిన అల్యూమినియం మడ్‌గార్డ్ చూడటానికి చాలా బాగుండేది. క్లిప్ లేదు, కడ్డీలు గట్టిగా బిగించేసి ఉండేవి. అది తీసేశాను. అనంతపురంలో మా నాన్న సైకిల్‌కీ మందపాటి ఇనప మడ్‌గార్డే, క్లిప్ లేదు, నిజమే. కానీ దానికీ టైర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండేది, వెళ్లే స్పీడూ తక్కువ. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్లకి ఆ సందు ఎక్కడుంది? లావు టైర్ వేసి, దాని మీద ఇరుకు మడ్‌గార్డ్ కూర్చోబెడుతున్నారు. టైర్ వెడల్పు కంటే మడ్‌గార్డ్ కనీసం 8, 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. పైన కూడా చిన్న పుల్ల ఇరుక్కోకుండా బయటికి జారిపోయేంత ఖాళీ ఉండాలి.

నాకు బాగా కోపం వచ్చిన విషయం ఇప్పుడు చెప్తాను. ఫిటింగ్‌కి సైకిల్ ఒక షాపులో ఇచ్చాను. తిరిగి తెచ్చుకుని చూస్తే రెండు క్లిప్‌లకీ జిప్ టైలు, అంటే లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు, బిగించి ఉన్నాయి. ఎందుకండీ అంటే, "గుంతల్లో టిక్ టిక్ మంటుంది సార్, ఊడిపోకుండా వేశాం" అన్నారు. ఊడిపోవడమే దాని పని! జిప్ టై వేశాక అది మామూలు మడ్‌గార్డే. అక్కడే నిలబడి కట్ చేయించాను. షాపు వాళ్లని ఒక్కళ్లనే అని లాభం లేదు. బాక్స్‌లో ఇచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి తప్ప, ఈ క్లిప్ వదలాలి, దీన్ని కట్టకండి అని ఒక్క ముక్క లేదు. కంపెనీ వాళ్లు ఈ వీడియో చూస్తుంటే దయచేసి ఆ ఒక్క లైన్ వేయండి. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, అన్నిట్లో వేయండి.

చప్పుడు మాత్రం నిజంగానే ఉంది. కడ్డీ పొడవు సరిగ్గా కట్ చేసి, వంపు లేకుండా క్లిప్‌లో నేరుగా కూర్చునేలా చూస్తే చాలావరకు తగ్గింది. కట్ చేసిన చివరకి రబ్బరు టోపీ తప్పకుండా తొడగండి, కాలికి గీసుకుంటుంది. నెలకోసారి చేత్తో నెట్టి క్లిప్ వదులుతుందో లేదో చూసుకోండి, లోపల బురద ఎండిపోతే బిగుసుకుంటుంది.

వెనక మడ్‌గార్డ్ మామూలుగా ఉంది, కింది రబ్బరు ఫ్లాప్ పొట్టిగా ఉండి వెనక వచ్చేవాళ్ల మీద నీళ్లు చిమ్ముతుంది. రంగు కూడా నాకు నచ్చలేదు. అయినా కొనమనే చెప్తాను, ఆ క్లిప్ కోసమే. మీ సైకిల్‌కి ఇప్పటికే క్లిప్ లేని మడ్‌గార్డ్ ఉంటే, అది ఏ కంపెనీదైనా సరే, ముందు దాన్నే మార్చండి. లైట్లు, బెల్లు తర్వాత చూసుకోవచ్చు.

మీ టైర్ మీద రాసి ఉన్న సైజు కామెంట్‌లో పెట్టండి, ఏ వెడల్పు సరిపోతుందో నేను చెప్తాను.